ఐదు నక్షత్రాలు

విల్లెమ్‌స్టాడ్‌లో రాత్రి తొమ్మిది.
కిటికీ కింద పడవల వంతెన పక్కకు తొలిగి
ఏదో చమురు ఓడకు దారిస్తోంది.
ఏసీ చలికి శాలువా కప్పుకుని
ఎక్కడెక్కడో ఓడిపోతున్నవాళ్లకు
శుభ సాయంత్రం అని టైపు చేస్తున్నాను.
నా పేరు మిగ్దాలియా. తెర మీద మాత్రం మియా.

తిట్లు అన్ని భాషల్లోనూ వస్తాయి.
మీ పాచికలు దొంగవి.
పందెం పెంచగానే మీ యంత్రం వాసన పట్టేస్తుంది.
నా బిట్‌కాయిన్ నాకిచ్చెయ్, నీకు పిల్లలు లేరా?
అందరికీ ఒకటే జవాబు, ఎవరో ముందే రాసిపెట్టింది:
దయచేసి సరిచూసుకోండి.

ఆటకు ముందే మా విత్తనాన్ని మూటగట్టి
దాని ముద్ర మీ చేతికిస్తాం.
అరవై నాలుగు అక్షరాలు, కళలెన్నో అన్ని.
మీ విత్తనం మీరే వేసుకోవచ్చు, ఏ మాటైనా.
రెండూ కలిసి మొలిచేదే అంకె.
ఆఖర్న మా గుప్పిట విప్పుతాం.
ముద్రలో ఒక్క అక్షరం తేడా వచ్చినా మేం దొంగలం.
నాలుగేళ్లుగా చూస్తున్నాను, తేడా రాలేదు.

అమ్మ చేపలమ్మే బల్ల దగ్గరా ఇదే గొడవ.
తక్కెడ తప్పని ఎవరైనా అంటే
తూకపు రాళ్లు తీసి వాళ్ల చేతిలోనే పెట్టేది.
వాళ్లు తూచుకుని, తల గోక్కుని,
చేప పట్టుకుని ఇంటికెళ్లేవాళ్లు.
చేప పట్టుకుని.

క్లైపెదా రేవులో క్రేను నడిపే వైదోతస్
నవంబరు నుంచి రాస్తున్నాడు.
నాకు తొమ్మిదైతే అతనికి తెల్లవారుజాము మూడు.
మొదట తిట్టాడు. ఆపైన ప్రశ్నలు.
ఆపైన, ఎవరూ చేయని పని, నిజంగానే
సరిచూడటం మొదలుపెట్టాడు.
పద్నాలుగు వందల పన్నెండు పందేలు.
సరుకు పట్టీల వెనక గళ్లు గీసుకున్నాడట.

ఇటువైపు నేనూ అతని ఖాతా తెరిచాను.
ఆటగాడి విత్తనం అన్న గడిలో మామూలుగా
యంత్రం పోసిన పిచ్చి అక్షరాలుంటాయి.
అతను ఒక పేరు రాసుకున్నాడు: ఉగ్నే.
పక్కన పుట్టిన తేదీ.
తొమ్మిదేళ్లుంటాయి ఆ పిల్లకి.
వాళ్ల భాషలో నిప్పని అర్థమట.
పద్నాలుగు వందల పన్నెండు సార్లు
ఆ పేరును మా విత్తనంతో కలిపి దొర్లించాడు.

మేం మోసగాళ్లమైతే బాగుండుననిపించింది.
కందకు లేని దురద కత్తిపీటకెందుకు,
అయినా అనిపించింది.

మా దీవిలో దివిదివి చెట్లన్నీ పడమటికే ఒరిగి ఉంటాయి.
ఎవరూ తాడు కట్టి లాగలేదు.
గాలి దాచిందీ ఏం లేదు,
నూటికి ఒక్క వంతు, అంతే, రోజూ, ఒకే వైపు నుంచి.
ఆ ఒక్క శాతం సంగతి మా షరతుల్లో
నాలుగో పేరాలో రాసే ఉంది.

ఈ రాత్రి అతను రాశాడు:
అన్నీ చూశాను మియా. అన్నీ సరిపోయాయి.
మీరు నన్ను మోసం చేయలేదు.
ఇంట్లో చెప్పుకోడానికి
నాకు ఆ మోసమొక్కటే మిగిలి ఉండేది.

మూడు చుక్కలు కదిలి, ఆగి,
మళ్లీ కదిలి, పోయాయి.
రాసిపెట్టిన జవాబులన్నీ పైనుంచి కిందికి వెతికాను.
గెలిచినవాడికుంది. ఓడినవాడికుంది.
బూతులు తిట్టినవాడికి మూడున్నాయి.
మమ్మల్ని నమ్మినవాడికి లేదు.

ఖాతా శాశ్వతంగా మూసే మీట ఎక్కడుందో చెప్పాను.
అడిగితేనే చెప్పాలని మాకు రూలు.
అతను అడగలేదు.

మాటలు ముగిశాక తెర తనంతట తనే అడిగింది:
మియా సేవ మీకెలా అనిపించింది?
ఐదు నక్షత్రాలు.
కింద గడిలో రెండే మాటలు: అంతా న్యాయమే.

ఈ నెల బోనసు నీదే, అన్నాడు రిగ్నల్డ్ కుర్చీ ఇటు తిప్పి.
కింద వంతెన మూసుకుంటోంది.
చివరలు ఇంకా కలవనే లేదు,
జనం అప్పుడే దూకేస్తున్నారు.